కోకిల, హంస ఏ తప్పు చేశాయి?

తెలుగు బైబిల్లో లేవీయకాండం పదకొండో అధ్యాయం తెరిస్తే 13వ వచనం దగ్గర తినకూడని పక్షుల జాబితా మొదలవుతుంది. పక్షిరాజుతో మొదలుపెట్టి గద్ద, తెల్లగద్ద, కాకి, డేగ, గుడ్లగూబ అంటూ సాగుతుంది. వీటిని తినొద్దని ఎవరైనా చెప్పాలా అనుకుంటూ మనం తలాడిస్తూ పోతాం. నడుమ ఉన్నట్టుండి కోకిల తగులుతుంది. మరో వచనం దాటితే హంస! మావిచిగురు మేసి కూసే కోకిలకూ, పాలనూ నీళ్లనూ వేరుచేస్తుందని మన కవులు పొగిడిన హంసకూ రాబందుల పంక్తిలో పనేమిటి?

పాపం, వాటి తప్పేమీ లేదు. హీబ్రూ మూలంలో అవి ఉన్నాయని చెప్పడానికి గట్టి ఆధారమూ లేదు. కోకిల అని ఉన్నచోట హీబ్రూ మాట 'షహాఫ్'. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో మొదలైన గ్రీకు అనువాదం దాన్ని సముద్రతీరాల్లో తిరిగే గల్ పక్షిగా చెప్పింది. లాటిన్ అనువాదం కూడా అదే దారిలో నడిచింది. పదహారో శతాబ్దంలో మార్టిన్ లూథర్ జర్మన్‌లోకి తెచ్చేసరికి అది కక్కూ అయింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు కూడా కక్కూ అనే రాసింది. 1885లో ఇంగ్లీషువాళ్లు తమ అనువాదాన్ని సవరించుకుని దాన్ని మళ్లీ సముద్రపు పక్షిని చేశారు. తెలుగు బైబిల్లో మాత్రం పాత వరసే నిలిచిపోయింది, కక్కూ మన దగ్గర కోకిల అయి కూర్చుంది. యూరప్ కక్కూ, మన మామిడితోపుల్లోని నల్ల కోకిల దూరపు చుట్టాలే కానీ ఒకే పక్షి కాదన్నది ఇంకో చిక్కు.

హంస కథ మరీ చిత్రం. గ్రీకు జాబితాలోనూ హంస ఉంది, లాటిన్ జాబితాలోనూ ఉంది, కానీ వేర్వేరు చోట్ల. అంటే రెండు అనువాదాలూ వేర్వేరు హీబ్రూ మాటలను హంస అన్నాయి. మన అనువాదంలో హంస ఉన్నచోట మూలంలో ఉన్న మాట 'తిన్షెమెత్'. ఊపిరి అనే అర్థమిచ్చే ధాతువు నుంచి పుట్టింది. తమాషా ఏమిటంటే ఇదే మాట అదే అధ్యాయం 30వ వచనంలో బల్లుల నడుమ మళ్లీ కనిపిస్తుంది. అక్కడ దాన్ని ఊసరవెల్లి అని చాలామంది అర్థం చెబుతారు, అది ఒళ్లు ఉబ్బించి ఊపిరి బిగబట్టే జీవి కాబట్టి. మరి పక్షుల్లో ఊపిరి వినిపించేది ఏది? రాత్రిపూట పాడుబడిన గోడల్లోంచి బుసకొట్టే, మన పల్లెల్లో చావుపిట్ట అని భయపడే తెల్ల గుడ్లగూబ. నేటి హీబ్రూలో తిన్షెమెత్ అంటే అదే. హంస ఉన్నచోట చావుపిట్టను పెట్టి చదివితే జాబితా ఎంత సర్దుకుంటుందో చూడండి.

పేర్ల చిక్కు ఈ రెండు పక్షులతో తీరిపోదు. లేవీయకాండంలో ఏడు వచనాల్లో ఇరవై పేర్లు ఉన్నాయి, కొన్ని పేర్ల పక్కన 'దాని జాతి ప్రకారం' అన్న తోక ఉంది. ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయంలో దాదాపు అదే జాబితా మళ్లీ వస్తుంది, అక్కడ ఇరవై ఒకటి. ఒక పక్షి ఎక్కడి నుంచి వచ్చింది? లేవీయకాండంలో 'దాఆ' అని ఉన్నచోట రెండో గ్రంథంలో 'రాఆ' ఉంది, దాని తరవాత 'దయ్యా' అని మరో పేరు ఉంది. హీబ్రూలో 'ద' రాసే దాలెత్ అక్షరానికీ 'ర' రాసే రేష్ అక్షరానికీ మధ్య తేడా మూల దగ్గర చిన్న కొస మాత్రమే. మనం థ, ధ దగ్గర పొట్టలో చుక్క చూసుకోకుండా రాసేసినట్టే, వేల ఏళ్ల కిందట ఏ లేఖకుడి కలమో ఆ కొస దగ్గర జారి ఉంటుంది. తరవాతి వాడు తప్పును దిద్దబోయి సరైన పేరును పక్కన చేర్చి ఉంటాడు, తప్పు పేరును కొట్టేసే ధైర్యం చేయక. ఇది పండితుల ఊహే, కానీ రాతప్రతులతో కాస్త పరిచయం ఉన్న ఎవరికైనా నమ్మబుద్ధి వేసే ఊహ.

యూదు పండితులు మాత్రం పవిత్ర గ్రంథంలో కలం జారిందని ఒప్పుకోలేరు కదా. యూదు ధర్మచర్చల పెద్ద సంకలనం తాల్ముద్‌లో హుల్లీన్ అనే భాగం ఉంది, మాంసాహార నియమాలన్నీ చర్చకు వచ్చేది అక్కడే. రాఆ అంటే చూసేది, అందుకే దానికి ఆ పేరు అంటుంది ఆ గ్రంథం. ఎంత చూపు? బాబిలోన్‌లో నిలబడి ఇశ్రాయేలు దేశంలో పడి ఉన్న కళేబరాన్ని చూడగలదట! ఒకే పక్షికి రెండు మూడు పేర్లున్నాయని తేల్చి, 'జాతి ప్రకారం' అన్న మాటలనూ లెక్కలోకి తీసుకుని, నిషిద్ధ పక్షులు మొత్తం ఇరవై నాలుగని ముగిస్తుంది.

కొన్ని పేర్లు మాత్రం తమను తామే చెప్పుకుంటాయి. జాబితాలో మొదటిది 'నెషెర్'. తెలుగులో పక్షిరాజు. ఆ మాట వినగానే మనకు గరుత్మంతుడు గుర్తుకొస్తాడు, యెషయా గ్రంథంలో 'పక్షిరాజులవలె రెక్కలు చాపి పైకి ఎగురుదురు' అన్న వాక్యమూ గుర్తుకొస్తుంది. అయితే మీకా ప్రవక్త మొదటి అధ్యాయం చివర ఒక మాట అన్నాడు: నెషెర్‌లా నీ తల బోడి చేసుకో అని. గరుడ పక్షికి బోడితల ఎక్కడిది? బోడితల రాబందుది. అరబ్బీలో దీని తోబుట్టువు మాట 'నస్ర్', అది కూడా రాబందే. యెషయా రెక్కలు చాపి ఎగరమన్నది కూడా చాలావరకు ఈ రాబందులాగే అయి ఉంటుంది. ఇది వింటే కొందరు నొచ్చుకుంటారని నాకు తెలుసు. కానీ మృతసముద్రం పక్కన కొండగోడల మీద, వేడిగాలిని ఆసరా చేసుకుని రెక్క కదపకుండా గంటలకొద్దీ తేలే ఆ పెద్ద రాబందును చూసినవాళ్లకు ప్రవక్త పోలిక చిన్నబుచ్చేదిగా అనిపించదు.

రెండోది 'పెరెస్'. విరగ్గొట్టేది అని ధాత్వర్థం. దీనికి నిఘంటువు కంటే పక్షి అలవాటే మంచి సాక్ష్యం. గడ్డం లాంటి నల్లటి ఈకలున్న ఒక రాబందు కళేబరం దగ్గరికి అందరికంటే ఆఖరున వస్తుంది. మాంసం మిగతావి తినేశాక మిగిలిన ఎముకను పట్టుకుని పైకెగురుతుంది, చాలా ఎత్తు నుంచి బండ మీదికి వదిలేస్తుంది. పగలకపోతే మళ్లీ తీసుకెళ్లి మళ్లీ వదులుతుంది. ముక్కలైతే దిగి, మూలుగతో సహా మింగేస్తుంది. లాటిన్‌లో దీని పేరుకు అర్థం కూడా ఎముకలు విరిచేది అనే. రెండు భాషలవాళ్లు వేర్వేరుగా ఒకే పక్షిని ఒకే పని చేస్తుండగా చూశారన్నమాట.

ఇలా తేలికగా దొరికేవి కొన్నే. 'కాఅత్' అన్నదాన్ని గ్రీకు అనువాదం పెలికాన్ అంది, తెలుగు బైబిలు గూడబాతు అంది. నేలపట్టులోనో కొల్లేరులోనో గూడబాతులను చూసినవాళ్లు 102వ కీర్తన దగ్గర ఒక్క క్షణం తికమక పడతారు. 'నేను అడవిలోని గూడబాతును పోలియున్నాను' అంటాడు కీర్తనకారుడు. అక్కడ అడవి అంటే చెట్లున్న అడవి కూడా కాదు, నీటిచుక్క లేని ఎడారి. గొంతు కింద సంచినిండా చేపలు నింపుకునే పక్షికి ఎడారిలో ఏం పని? యెషయా 34వ అధ్యాయంలోనూ కాఅత్ శిథిల నగరంలోనే కాపురం పెడుతుంది. అందుకే 1955లో బ్రిటిష్ పండితుడు జి.ఆర్. డ్రైవర్ బైబిలు పక్షుల మీద రాసిన వ్యాసంలో ఈ జాబితాలోని చాలా పేర్లను రకరకాల గుడ్లగూబలకే కట్టబెట్టాడు. ఒకే దేశంలో అన్ని రకాల గుడ్లగూబలకు పేర్లు పెట్టుకుని విడివిడిగా నిషేధించారా అని అడిగినవాళ్లు లేకపోలేదు. నా మటుకు కాఅత్ విషయంలో ఆయన వైపే మొగ్గుతాను, మిగతా అన్ని చోట్లా కాదు.

చివరి నుంచి రెండోది 'దుఖీఫత్', తెలుగులో కుకుడుగువ్వ. ఇక్కడ మన అనువాదకులకు దండం పెట్టాలి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు దీన్ని తీతువు పిట్టను చేసింది, తెలుగువాళ్లు ఆ పొరపాటును అనుసరించలేదు. తల మీద విసనకర్రలా విచ్చుకునే కుచ్చు, నలుపు తెలుపు చారల రెక్కలు, పొడవాటి వంపు ముక్కు. పొలం గట్ల మీద, బడి ఆవరణల్లో నేలను పొడుస్తూ మనకూ కనిపిస్తుంది. ఇంత అందమైన పిట్ట హేయమెందుకయింది? గూట్లో చెయ్యి పెట్టినవాడికి తెలుస్తుంది. పొదిగే కాలంలో ఆడపిట్ట తోక దగ్గరి గ్రంథి నుంచి కుళ్లిన మాంసం వాసన వేసే ద్రవం ఊరుతుంది. దాన్ని గుడ్లకూ ఈకలకూ పూసుకుంటుంది. పిల్లల దగ్గరికి ఎవరైనా వస్తే అవి తోక తిప్పి రెట్టను సూటిగా చిమ్ముతాయి.

ఇదే పిట్టను ఇశ్రాయేలు 2008లో తన జాతీయ పక్షిగా ఎన్నుకుంది. లక్షన్నరకు పైగా ఓట్లు పడిన పోటీ అది. ఫలితం ప్రకటించింది అధ్యక్షుడు షిమోన్ పెరెస్. ఆయన అసలు ఇంటిపేరు పెర్స్కీ. 1944లో నెగెవ్ ఎడారిలోకి యువకుల బృందంతో వెళ్లినప్పుడు కొండ మీద గడ్డపు రాబందు గూడు కనిపించింది, ఆ పక్షి హీబ్రూ పేరునే ఆయన ఇంటిపేరుగా తీసుకున్నాడు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం హేయమైన రెండో పక్షి, హేయమైన పంతొమ్మిదో పక్షికి పట్టాభిషేకం చేసిందన్నమాట.

ఇరవయ్యోది గబ్బిలం. బైబిలు రాసినవాళ్లకు గబ్బిలం పక్షి కాదని తెలియదా అంటూ ఎగతాళి చేయడం చాలామందికి సరదా. హీబ్రూ మాట 'ఓఫ్' అంటే ఈకలున్న పక్షి అని కాదు, రెక్కలతో ఎగిరేది అని. గబ్బిలం తరవాతి వచనంలోనే ఎగిరే పురుగుల నియమాలు మొదలవుతాయి, వాటికీ ఇదే మాట వాడారు. పక్షికీ పురుగుకూ నడుమ గబ్బిలాన్ని పెట్టినవాడు దాన్ని గమనించే పెట్టాడనిపిస్తుంది. ఆధునిక వర్గీకరణకు పితామహుడైన లినేయస్ 1758లో గబ్బిలాన్ని మనిషీ కోతీ ఉన్న గుంపులో వేశాడు. ఎగతాళి చేయదలిస్తే ఆయన్నీ కలుపుకోవాలి.

పేర్లు అలా ఉంచితే, అసలు ముడి మరోచోట ఉంది. అదే అధ్యాయంలో జంతువుల సంగతి చూడండి. డెక్క చీలి ఉండాలి, నెమరు వెయ్యాలి. ఈ రెండు గుర్తులూ ఉంటే తినవచ్చు, ఒకటి లోపించినా వద్దు. ఒంటె, పంది ఎందుకు కూడవో కారణంతో సహా చెప్పారు. నీటిజీవులకైతే రెక్కలు, పొలుసులు ఉండాలి. పసిపిల్లవాడు కూడా చేపను తిప్పి చూసి చెప్పగలడు. పక్షుల దగ్గరికి వచ్చేసరికి గుర్తు లేదు, కారణం లేదు, వట్టి పేర్లు. అంటే ఆ పేర్లు విన్నవాళ్లందరికీ అవి ఏ పక్షులో తెలుసన్న నమ్మకం మీద ఈ చట్టం నిలబడింది. పేరుకూ పక్షికీ ఉన్న బంధం తెగిపోతే ఏమిటి దారి అన్న ఆలోచన రాసినవాడికి రాలేదు.

ఇంకో సూక్ష్మం కూడా ఉంది. జంతువులను అపవిత్రం అన్న గ్రంథం పక్షులను హేయం అంది. హీబ్రూలో ఇవి రెండు వేర్వేరు మాటలు, తెలుగు అనువాదమూ ఆ తేడాను నిలిపింది. జేకబ్ మిల్‌గ్రోమ్ అనే లేవీయకాండ పండితుడు దీని మీద చాలా రాశాడు. అపవిత్రమైన జంతువు కళేబరాన్ని తాకితే సాయంత్రం దాకా మైల. హేయమైన పక్షిని తినకూడదంతే, ముట్టుకుంటే అంటుకునే మైల గురించి ఈ వచనాలు ఏమీ చెప్పవు. ప్రవక్త ఏలీయాకు వాగు పక్కన కాకులు రొట్టె, మాంసం తెచ్చి పెట్టినప్పుడు ఆయన మారుమాట్లాడకుండా తిన్నాడని గుర్తుచేసుకోవాలి. కాకిని తినకూడదు, కాకి తెచ్చింది తినవచ్చు.

మరి ఎందుకు కూడదు? కారణం చెప్పని చట్టానికి కారణాలు వెదకడం రెండు వేల ఏళ్లకు పైగా నడుస్తోంది. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియా యూదుడొకరు రాసిన అరిస్తెయస్ లేఖలో ఒక జవాబు ఉంది. తినదగిన పక్షులు గింజలు తిని బతికే సాధువులు, తినకూడనివి బలంతో ఇతరులను పీడించే క్రూరులు, మీరు ఎలా బతకాలో చట్టం పక్షుల ద్వారా నేర్పుతోంది అని. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ వైద్యుడు కూడా కాబట్టి ఆరోగ్యం మాట ఎత్తాడు. తరవాతి శతాబ్దంలో మరో యూదు పండితుడు నాహ్మనిడీస్, క్రూర పక్షుల మాంసం తిన్నవాడి గుండెలోకి ఆ క్రూరత్వం వస్తుందన్నాడు. 1966లో మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ కొత్త దారి తొక్కింది. నేల, నీరు, ఆకాశం అన్న సృష్టి క్రమంలో తన గదిలో సరిగ్గా ఇమడని జీవే నిషిద్ధమంది. జంతువులకూ చేపలకూ ఇది చక్కగా అతికింది. పక్షుల దగ్గర ఆమె వాదన నీరసపడింది. గుర్తులే చెప్పని జాబితాలో ఏ పక్షి గీత దాటిందో ఎలా చూపిస్తాం? మునిగే పక్షులు, ఎగరలేని పక్షులు గీత దాటాయి అనవచ్చు. మరి డేగ? ఆకాశంలో దానికంటే పక్షి లక్షణాలున్న పక్షి ఏది?

నాకు రక్తం వాదన ఎక్కువ నచ్చుతుంది. ఈ చట్టం మొత్తంలో రక్తం తినకూడదన్నంత గట్టిగా చెప్పిన మాట మరొకటి లేదు. ప్రాణం రక్తంలో ఉంది, అది దేవుడిది. రాబందు, గద్ద, కాకి, గుడ్లగూబ ఇవన్నీ రక్తంతో సహా తినేవి, చచ్చినదాన్ని పీక్కుతినేవి. జాబితాలో తొలి సగం దీనితో తేలిపోతుంది. కానీ నిప్పుకోడి ఆకులూ గింజలూ మేస్తుంది. కుకుడుగువ్వ పురుగులు ఏరుకుంటుంది. వీటి దగ్గర ఏ సిద్ధాంతమైనా కుంటుతుంది. పాడుబడ్డ చోట్ల తిరిగేవి కాబట్టి అన్నది నిప్పుకోడికి కొంతవరకు సరిపోతుంది, ప్రవక్తలు శాపగ్రస్త నగరాల్లో దాన్నీ నక్కలనూ జంటగా చూపిస్తారు. అందరికీ ఒకే తాళంచెవి ఉందనుకోవడమే పొరపాటేమో. ఊళ్లో ముందునుంచే తినని వాటికి తరవాత చట్టం తోడై ఉండవచ్చు.

ఇక్కడ కొంగను వదిలి వెళ్లబుద్ధి కావడం లేదు. సంకుబుడికొంగకు హీబ్రూలో 'హసీదా' అని పేరు, దయ గలది అని అర్థం. ఆకాశంలో తన కాలం తనకు తెలుసని యిర్మీయా మెచ్చుకున్నది దీన్నే, ఏటా వలస వచ్చి పోయే పక్షి కదా. తోటి కొంగలతో ఆహారం పంచుకుంటుంది, అందుకే ఆ పేరు అంటుంది తాల్ముద్. మరి దయగల పక్షి హేయమెలా అయింది? తరవాతి కాలపు యూదు గురువులు దీనికి చెప్పే జవాబు ప్రసిద్ధం: అది తనవాళ్లతో మాత్రమే పంచుకుంటుంది. వ్యాఖ్యానంగా ఇది నిలవదు, చట్టం రాసినవాడి మనసులో ఇది ఉందని ఎవరూ నిరూపించలేరు. అయినా విన్నాక మరచిపోవడం కష్టం.

అర్థం తెలియకపోయినా అన్నం వండాలి కదా. క్రీస్తు శకం 200 ప్రాంతంలో కూర్చిన యూదు నియమాల సంకలనం మిష్నా ఉన్నమాట ఒప్పేసుకుంది: పక్షుల గుర్తులు ధర్మశాస్త్రంలో చెప్పలేదు, కానీ పెద్దలు చెప్పారు. గోళ్లతో తొక్కిపట్టి తినే పక్షి కూడదు. అదనపు వేలు, మేత నిలవచేసుకునే గొంతు సంచి, చేత్తో ఒలిస్తే పొర ఊడివచ్చే కందనకాయ ఉన్నది కూడుతుంది. ఇంట్లో కోడిని కోసినవాళ్లకు ఈ చివరి గుర్తు చెప్పక్కర్లేదు. కందనకాయను చీల్చి, లోపలి రాళ్లూ గింజలూ కడిగేసి, గోటితో అంచు పట్టుకుని లాగితే ముడతల పసుపు పొర కాగితంలా ఊడి వస్తుంది. రెండు వేల ఏళ్ల కిందటి యూదు ఇల్లాలు వంటింట్లో చేసిన పరీక్ష అదే. మరో పండితుడు ఇంకో గుర్తు చెప్పాడు: వేళ్లను సగానికి చీల్చి నిలబడేది కూడదు. దాన్ని చూడటానికి తాడు కట్టి పక్షిని నిలబెట్టమన్నారు. మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి పెడితే మంచిది, రెండు ముందు రెండు వెనక పెడితే చెడ్డది. ఈ లెక్కన మన రామచిలక తాడు మీదే దొరికిపోతుంది.

గుర్తులున్నాయి కాబట్టి చిక్కు తీరిందా అంటే, అక్కడే ముదిరింది. తొక్కిపట్టడం అంటే ఏమిటన్న దాని మీదే మధ్యయుగపు వ్యాఖ్యాతలు విడిపోయారు. కాలితో అదిమి తినడమా? ప్రాణంతో ఉండగానే తినడమా? రెండోదే అయితే పురుగును బతికుండగానే గుటుక్కుమనిపించే కోడి సంగతి? పురుగులు లెక్కలోకి రావు అని సర్దుకున్నారు. చిత్తడి నేలల్లో తిరిగే ఒక కోడిలాంటి పక్షి ఉదంతం ఇంకా పెద్ద దెబ్బ కొట్టింది. దాన్ని మంచిదనుకుని కొంతకాలం తిన్నారు, తరవాత అది వేటాడుతుండగా చూశారు. పదకొండో శతాబ్దపు ఫ్రెంచి వ్యాఖ్యాత రాషి దీన్ని పట్టుకుని, మనం నిపుణులం కాదు, గుర్తులు చూసి మోసపోవచ్చు, తినే సంప్రదాయం ఉన్న పక్షినే తినాలి అన్నాడు. పదహారో శతాబ్దంలో క్రాకౌ నగరపు మోషే ఇస్సెర్లెస్ తూర్పు యూరప్ యూదులకు దీన్ని తిరుగులేని నియమం చేశాడు.

ఈ మలుపులోనే జాబితా తలకిందులైంది. ధర్మశాస్త్రం ప్రకారం పేరు చెప్పిన ఇరవై తప్ప ఎగిరేదంతా తినవచ్చు. మంచి పక్షులే ఎక్కువ కాబట్టి చెడ్డవాటినే లెక్కపెట్టారని తాల్ముద్ కూడా అంటుంది. ఆ ఇరవై ఏవో మరచిపోయాక, తాతలు తిన్న కొన్ని తప్ప ఎగిరేదంతా కూడదు అయింది. నిషిద్ధాల జాబితా పోయి, దాని చోట అనుమతుల జాబితా వచ్చింది, అది కూడా కాగితం మీద లేదు, వంటింటి జ్ఞాపకంలో ఉంది. పావురం, గువ్వ, బాతు, పూరేడు, కోడి.

ఈ జ్ఞాపకంలో కోడి మకుటం లేని మహారాజు, యూదు విశ్రాంతిదినపు భోజనం కోడి పులుసు లేకుండా ఊహించలేం. ఆ కోడి పేరు ధర్మశాస్త్రంలో ఎక్కడా లేదు. బలికి పనికొచ్చే పక్షులు కూడా గువ్వలు, పావురాలే. అడవికోడి పుట్టిల్లు మన ఆసియా అడవులు. పడమటికి చేరడానికి దానికి చాలా కాలం పట్టింది. యూదా రాజ్యంలో కోడిపుంజు ఉన్న రాతి ముద్ర ఒకటి 1932లో తెల్ ఎన్ నస్బే తవ్వకాల్లో దొరికింది, క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దపు నాటి ఒక రాజోద్యోగి ముద్ర. పోట్లాటకు సిద్ధంగా ఉన్న పుంజు అది, వంటకు కాదు. కోడిని పెద్ద ఎత్తున తిన్న ఆనవాళ్లు పురాతన పట్టణం మరేషాలో ఉన్నాయి, క్రీస్తు పూర్వం నాలుగు నుంచి రెండో శతాబ్దాల మట్టిలో వెయ్యికి పైగా కోడి ఎముకలు, వాటిలో పెట్టలవే ఎక్కువ. అక్కడి జనం ఎక్కువగా యూదుల పొరుగు జాతి ఎదోమీయులు. కొత్తగా వచ్చిన ఈ పక్షి కూడుతుందా కూడదా అని అప్పట్లో పెద్ద గొడవ జరిగిన జాడ లేదు. జాబితాలో లేదు కాబట్టి తిన్నారు. అప్పటికి చట్టం ఇంకా తలకిందులు కాలేదు.

రెండు వేల ఏళ్ల తరవాత మరో కొత్త పక్షి దిగింది, ఈసారి అమెరికా నుంచి. టర్కీ కోడి. సంప్రదాయం ఉన్న పక్షినే తినాలంటే కొలంబస్ ముందు యూరప్ ఎరగని పక్షికి సంప్రదాయం ఎక్కడిది? నియమం ప్రకారం పొయ్యి ఎక్కకూడదు. ఎక్కింది. ఎలా ఎక్కిందన్నదానికి చెప్పే కారణాల్లో ఒకటి మనకు నవ్వు తెప్పిస్తుంది. ఆ పక్షి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ సరిగా తెలియదు. ఇంగ్లీషువాళ్లు తుర్కీ నుంచి అనుకున్నారు. ఫ్రెంచివాళ్లు, తుర్కులు భారతదేశం నుంచి అనుకున్నారు. హీబ్రూలో దాని పేరు 'తర్నెగోల్ హోదు', భారతదేశపు కోడి. అక్కడి యూదులు ఎప్పటినుంచో తింటున్నారు, వాళ్ల దగ్గర సంప్రదాయం ఉంది అని కొందరు సమర్థించుకున్నారు. మన అమ్మమ్మలెవరూ ఎరగని పక్షికి మన దేశం పూచీ పడిందన్నమాట. కొన్ని యూదు కుటుంబాలు ఇప్పటికీ దాన్ని ముట్టవు. అదే అమెరికా నుంచి వచ్చిన మస్కవీ బాతుకు ఇంత అదృష్టం పట్టలేదు. న్యూ ఆర్లియన్స్‌లో 1861 ప్రాంతంలో రబ్బీ (యూదు మతగురువు) బెర్నార్డ్ ఇల్లోవీ దాన్ని కూడదన్నాడు, యూరప్ పండితులకు ఉత్తరాలు రాశాడు, దాని మీద వాదాలు చాలాకాలం నడిచాయి.

తాల్ముద్ పండితులు ఈ చిక్కంతా ముందే ఊహించారో లేదో కానీ, హుల్లీన్‌లో చిన్న సంభాషణ ఒకటి ఉంది. మంచి పక్షిని సంప్రదాయం మీద తినవచ్చు, 'ఇది మంచిదని నా గురువు చెప్పాడు' అని వేటగాడు అంటే నమ్మవచ్చు అన్నాడు రబ్బీ ఇస్సాకు. వేటగాడికి ఆ పక్షులూ వాటి పేర్లూ బాగా తెలిసి ఉంటేనే, అని రబ్బీ యోహానాన్ చేర్చాడు. అప్పుడు రబ్బీ జేరా అడిగాడు: గురువు అంటే ఎవరు, శాస్త్రం చదివిన పండితుడా, వేట నేర్పిన వేటగాడా? చర్చ ఎంతోసేపు సాగదు. పండితుడైతే పేర్లు వల్లె వేసి ఉంటాడు నిజమే, పక్షి ఎదుట పడితే ఇదే అది అని గుర్తుపట్టగలడా? కాబట్టి గురువంటే వేటగాడే అని తేల్చేశారు.